రెండో భాగంలో అతని నవ్వు

మొన్న వికారాబాద్ బస్టాండు పక్కన ఛాయ్ తాగుతుంటే ఇద్దరు కాలేజీ పిల్లలు గొంతులు చించుకుంటున్నారు. సినిమా రెండో భాగంలో విలన్ను మంచివాణ్ని చెయ్యొచ్చా, చెయ్యకూడదా అని గొడవ. ఒకడు "మనిషన్నంక మారడా?" అంటాడు. ఇంకొకడు "గాడు మారితే ఇంగ సినిమాల ఏముంటదిరా?" అంటాడు. "విలన్ సంగతి సరేరా, వాడు సంపినోని సంగతి ఎవడన్న అడిగిండా?" అని అరిచాను. పాపం, ఎవరో పిచ్చివాడనుకుని గ్లాసులు అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. నేను చెప్పాల్సింది అరుపుతో అయ్యేది కాదని అప్పుడే అనిపించింది. అందుకే రాస్తున్నాను.

నాది మందిని తెచ్చే పని. ఇప్పుడు మానేశాను, మోకాళ్ళు సహకరించడం లేదు. అనంతగిరికి సినిమా కంపెనీ ఏది వచ్చినా ముందు నాకే ఫోను వచ్చేది. జాతర కావాలంటే జాతర, పెళ్ళి కావాలంటే పెళ్ళివారు, శవం వెనక ఏడ్చేవాళ్ళు, గొర్లు, ఎడ్లు, ఏది అడిగితే అది తెచ్చి కెమెరా ముందు నిలబెట్టేవాణ్ని. పొద్దున పెళ్ళిలో అక్షింతలు వేసిన మనిషే మధ్యాహ్నం ఇంకో సినిమా శవయాత్రలో ఏడ్చేది. అదొక లోకం.

ఆ లోకం గురించి మీకు రెండు సంగతులు తెలియాలి. ఒకటి, మందికి కథ చెప్పరు. అటు చూడు, ఇటు నడువు, ఇప్పుడు ఏడువు, అంతే. ఎవరి కోసం ఏడుస్తున్నామో ఏడ్చేవాళ్ళకు తెలియదు. రెండోది, షూటింగులో మనం మాట్లాడిన మాట సినిమాలో ఉండదు. జనరేటరు మోత, గొర్ల అరుపులు, దూరంగా లారీ హారన్లు, అన్నీ కలిసిన ఆ శబ్దాన్ని పక్కన పెట్టి, తర్వాత హైదరాబాదులో చల్లటి గదిలో కూర్చుని వేరేవాళ్ళు మన పెదాలకు గొంతు కలుపుతారు. దాన్ని డబ్బింగ్ అంటారు. అందులో తప్పేమీ లేదనే నేను అన్నేళ్ళూ అనుకున్నాను.

నేను చెప్పే సినిమా మొదటి భాగం తాండూరు దగ్గర ఒక పాత రాతి గనిలో తీశారు. విలన్ గని యజమాని. మా తాండూరులో బండలు కొనేవాడు బండ మీద చెంబెడు నీళ్ళు చల్లి రంగు చూస్తాడు, పొడి బండ అసలు రంగు చెప్పదు. దర్శకుడు అది చూశాడు, విలన్‌కు పెట్టేశాడు. ఎవరినైనా చంపే ముందు అతను ఎదుటివాడి నీళ్ళే తీసుకుని బండ మీద ఒలకబోసి, "తడిపితేనే గద రంగు దెలిసేది" అంటాడు. అబ్బ, ఆ మాట ఎంత పాకిందో! తాండూరు బండల పాలిష్ యూనిట్లలో నీళ్ళ పైపు పట్టుకున్న ప్రతివాడూ అదే మాట అనేవాడు. విలన్‌గా వేసినాయన పక్క రాష్ట్రం మనిషి. తెర మీద వినపడే గంభీరమైన గొంతు ఆయనది కాదు, డబ్బింగ్ చెప్పిన ఇంకొకాయనది. మనిషి మాత్రం మెత్తన. షాటు అయిపోతే గొర్రెపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

గొర్ల కోసం నేను బంట్వారం వైపు ఒక ఊరి నుంచి భార్యాభర్తల్ని తీసుకెళ్ళాను. వాళ్ళవి తాతల నాటి నుంచీ గొర్ల మందలు, కొంచెం కంది చేను. ఆమె నాకంటే పెద్దది, అక్కా అనేవాణ్ని. ఆయన్ను బావా అనేవాణ్ని. ఎండలో గొర్లకు నీళ్ళు పెట్టలేదని బావ కంపెనీవాళ్ళ మీద గయ్యిమని లేచాడు. "మీకు సీసాల సల్లటి నీళ్ళు, మా గొర్లకు ఎండనా? గొర్లు సస్తే మీ సిన్మల యాక్టింగ్ మీరే జేస్తరా?" దర్శకుడు ఆ కోపం చూసి మురిసిపోయి, విలన్ చేతిలో చచ్చిపోయే కాపరి వేషం ఆయనకే ఇచ్చాడు. ఆయన పెళ్ళాంగా అక్కనే పెట్టాడు. ఆయనకు ఒక్కటే మాట: "గొర్లకు నీళ్ళియ్యి దొరా. నన్నేం జేస్తవో జేస్కో." విలన్ ఆయన సొరకాయ బుర్రలోని నీళ్ళు బండ మీద పోసి, రంగు చూసి, గనిలోకి తోసేస్తాడు.

చచ్చే షాటు తీశాక సినిమావాళ్ళకు ఒక ఆచారం ఉంది. చచ్చినట్టు పడుకున్న మనిషిని లేపి, కెమెరా వైపు చూపించి నవ్వించాలి. అప్పుడు కీడు పోతుందని నమ్మకం. కొందరు ఫోటోతో సరిపెడతారు. ఈ దర్శకుడికి పట్టింపు ఎక్కువ, కెమెరా తిప్పి నవ్వించేవాడు. బావను లేపి నవ్వమన్నారు. ఆయనకు నవ్వు రాదు.

"సచ్చినోడు నవ్వుతడా? నాకు రాదు," అని మొండికేశాడు.

అక్క పుస్తె పట్టుకుని నిలబడి ఉంది. మొగుడు చచ్చిపడి ఉండటం ఉత్తుత్తిదే అయినా చూసింది కదా, మొహం పాలిపోయింది. "నవ్వయ్యా, నీ కాళ్ళు మొక్కుత. ఒక్కపారి నవ్వు," అని బతిమాలింది.

అంతలో ఏమైందో తెలుసా? మందలోని పొట్టేలు ఒకటి పరుగున వచ్చి, కుర్చీలో కూర్చుని ఛాయ్ తాగుతున్న విలన్ను వెనక నుంచి ఢీకొట్టింది. కుర్చీతో సహా బోర్లాపడ్డాడు, ఛాయ్ అంతా పట్టుచొక్కా మీద పోయింది. బావ విరగబడి నవ్వాడు. విలన్ లేచి దులుపుకుంటూ, ఆయనా నవ్వుతూ వచ్చి బావ భుజం మీద చెయ్యేశాడు. చంపినవాడూ చచ్చినవాడూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుతుంటే కెమెరా తిరుగుతూనే ఉంది. అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దర్శకుడు సంతోషంగా గుమ్మడికాయ కొట్టించాడు.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. బావ పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది, మా వైపు ఆయన "నీళ్ళడిగినాయన" అయిపోయాడు. బస్సెక్కితే లేచి సీటిచ్చేవారు. కొన్నేళ్ళకు ఆయన నిజంగానే పోయాడు, జ్వరంతో. పాలిష్ యూనిట్లవాళ్ళు తలా ఒక బండ ఇచ్చి, ఊరి బయట దారి పక్కన గొర్లు నీళ్ళు తాగే తొట్టి కట్టించారు. దాని మీద "నీళ్ళడిగినాయన తొట్టి" అని చెక్కించారు. అక్కకు ఆ తొట్టే సమాధి, అదే ఆస్తి. రోజూ పొద్దున్నే వెళ్ళి పాచి కడిగి నీళ్ళు నింపేది.

మధ్యలో ఒక విచిత్రం జరిగింది. విలన్‌కు అభిమానులు తయారయ్యారు. హీరో ఎవరో మరిచిపోయారు కానీ ఆటోల వెనక విలన్ బొమ్మ, చొక్కాల మీద విలన్ మాట. దాంతో రెండో భాగం మొదలుపెట్టారు. మొదటిదానికి అసిస్టెంటుగా పనిచేసిన కుర్రాడే ఇప్పుడు దర్శకుడు. నాకు ఫోను చేసి, "పెద్దాయనా, విలన్ జైలు నుంచి వచ్చి కాపరి భార్య కాళ్ళ మీద పడతాడు. ఆవిడే కావాలి," అన్నాడు. నాకు మంచిగానే అనిపించింది. మనిషి మారడం కంటే ఏం కావాలి?

అక్క దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమె తొట్టి కడుగుతూనే అడిగింది. "గాయన నా కాళ్ళు మొక్కుతడా? ఎందుకు తమ్మీ?"

"మారిండక్కా. జైలుకు వొయ్యొచ్చిండు."

తొట్టి అంచు ఇంకోసారి కడిగి, "మారితే మంచిదేనాయె. పడ్డ మనిషిని లేపకుంటనా? లేపుత పా," అంది. గుర్తుపెట్టుకోండి, ఆమె ఒప్పుకునే వచ్చింది.

షూటింగు అనంతగిరిలో, అడవి అంచున. సాయంత్రం వెలుతురులో తియ్యాలని తొందర. అక్కవాళ్ళ ఊరు ఊరంతా మందిగా వచ్చింది. విలన్ ముసలివాడయ్యాడు, అక్కను చూసి చేతులు జోడించాడు. అప్పుడు అసిస్టెంటు వచ్చి ఆమెకు మాట నేర్పించాడు: "తప్పు నా పెనిమిటిది. ఊరిని నీకు అమ్ముకుంది ఆయనే. నీ తప్పేం లేదు, లే కొడుకా."

నేను పక్కనే ఉన్నాను. చెవులు సరిగా పనిచేస్తున్నాయా అనుకున్నాను. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే చదివాడు. నాకు ఒళ్ళు మండిపోయి దర్శకుడి దగ్గరికి ఉరికాను.

"ఏంది సార్ ఇది? ఆయనేం అమ్మిండు? గొర్లకు నీళ్ళడిగి సచ్చిపోయిండు!"

దర్శకుడు మానిటరు మీద నుంచి తల ఎత్తలేదు. "పెద్దాయనా, విలన్ ఇప్పుడు మన హీరో. అమాయకుణ్ని చంపినవాణ్ని హీరో అంటే జనం ఒప్పుకోరు. అందుకే ఆ కాపరి అమాయకుడు కాదని, ఊరి భూముల్ని దొంగచాటుగా రాసిచ్చింది అతనేనని ట్విస్ట్ పెట్టాం. అయినా పోయినవాడికి ఇప్పుడు కొత్తగా పోయేదేముంది చెప్పండి?"

ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి, ఒకణ్ని మంచివాణ్ని చెయ్యడానికి ఇంత అడ్డదారి ఉందని నాకు తట్టనే లేదు. చెడ్డవాణ్ని కడగక్కర్లేదట, వాడి బురద తీసి చచ్చినవాడికి పూస్తే చాలట!

వెనక్కి తిరిగితే అక్క నిలబడి ఉంది. అంతా విన్నది. మందిని తీసుకుని వెళ్ళిపోదామని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది. "లేపుతనని ఒచ్చిన. పెట్టుమను కెమెరా," అంది. ఆ గొంతు విని భయం వేసింది నాకు.

యాక్షన్ అన్నారు. విలన్ మోకాళ్ళ మీద పడి, ఆమె పాదాల మీద తల పెట్టాడు. అక్క వంగలేదు. అసిస్టెంటు చాటు నుంచి మాట అందిస్తున్నాడు, ఆమెకు పట్టలేదు.

"నువ్వే సంపినవ్," అంది. "నీళ్ళడిగితే సంపినవ్. నేను సూసిన. సంపిన అని చెప్పు. చెప్పు, లేపుత."

మంది అంతా కొయ్యబారిపోయారు. వాళ్ళకు కథ తెలియదు కదా, నిజమే అనుకున్నారు. అసిస్టెంటు చేతిలో కాగితాలు పడిపోయాయి. విలన్‌గా వేసినాయన తల ఎత్తి ఆమె మొహం చూశాడు. ఇన్ని సినిమాలు చేసి కొద్దో గొప్పో తెలుగు నేర్చుకున్నాడు. రాసింది అది కాదు, ఎవరూ చెప్పమనలేదు, అయినా తన యాసలోనే అన్నాడు. "చంపిన అవ్వా. నేనే చంపిన."

అప్పుడు వంగింది అక్క. రెండు భుజాలు పట్టుకుని లేపి, చీర కొంగుతో ఆయన మొహం తుడిచింది. వెనక మా మంది ఎవరూ ఏడవమనకుండానే ఏడ్చారు. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

"కట్! బ్రహ్మాండం!" అని దర్శకుడు చప్పట్లు కొట్టాడు. వెలుతురు పోయింది, ఇంకో టేకు తియ్యడానికి లేదు. లేచి వెళ్తూ పక్కవాడితో అన్నాడు, "ఎమోషన్ వచ్చేసింది. మిగతాది డబ్బింగ్‌లో చూసుకుందాం."

అప్పుడు నాకు బ్రహ్మాండం ఒక్కటే బుర్రకెక్కింది.

సినిమా విడుదల రోజు ఊరు ఊరంతా ఆటోల్లో తాండూరు వెళ్ళాం. అక్క కొత్త చీర కట్టుకుంది. పక్కన ఆమె బిడ్డ, పాలిష్ యూనిట్‌లో పనిచేస్తుంది, ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది. విలన్ తెర మీదికి రాగానే ఈలలు, కాగితాలు. ఇంటర్వెల్ అయ్యాక పాత రోజుల కథ మొదలైంది. ఉన్నట్టుండి తెర నిండా బావ.

నవ్వుతున్నాడు! పళ్ళన్నీ కనపడేలా, కళ్ళలో నీళ్ళు వచ్చేలా. పొట్టేలు ఢీకొట్టిన రోజు నవ్విన నవ్వు అది. అక్క ఆ ముక్క ఎప్పుడూ తెర మీద చూడలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తమ్మీ, మా ఆయనరా! నవ్వుతుండు సూడు, నవ్వుతుండు!" చిన్నపిల్లలా సీట్లో ఎగిరింది.

తెర మీద విలన్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యేశాడు. గంభీరమైన డబ్బింగ్ గొంతు వినిపించింది: "ఊరిని నాకు అమ్మేసి, ఆ రోజు వాడు ఎలా నవ్వాడో నేను మరిచిపోలేదు."

నా చెయ్యి పట్టుకున్న ఆమె చెయ్యి అలాగే బిగుసుకుపోయింది. కీడు పోవాలని నవ్వించిన నవ్వు! పుస్తె పట్టుకుని పెళ్ళాం బతిమాలితే వచ్చిన నవ్వు! దాన్ని ఇన్నేళ్ళు దాచి, తీసి, ఆయన మీదికే సాక్ష్యం తెచ్చారు. ఇంత పని చెయ్యొచ్చని ఏ బుర్రకు తోచిందో ఆ బుర్రకు దండం పెట్టాలి.

ఇంకా అయిపోలేదు. అనంతగిరి సీను వచ్చింది. విలన్ పాదాల మీద పడ్డాడు. అక్క పెదాలు కదిలాయి. వినిపించింది మాత్రం ఎవరో పట్నం ఆవిడ గొంతు: "తప్పు నా పెనిమిటిది. నీ తప్పేం లేదు." విలన్ పెదాలు కదిలాయి. "నన్ను క్షమించు తల్లీ," అంది గంభీరమైన గొంతు. హాలంతా ఈలలతో దద్దరిల్లింది.

అక్క లేచి నిలబడింది. "గది నా గొంతు గాదు! నేను గట్ల అనలే!" అని కేక పెట్టింది. ఈలల్లో ఎవరికి వినపడుతుంది? వెనక నుంచి ఎవడో "కూసో అవ్వా, సిన్మ సూడనియ్యి," అన్నాడు. బిడ్డ ఆమెను పట్టుకుని బయటికి తెచ్చింది. థియేటరు మెట్ల మీద కూలబడి, అక్క నన్ను ఒక్కటే అడిగింది. "మా ఆయన నవ్వు గూడ ఒదలలేదా తమ్మీ?"

ఆమెను లేపి ఆటో ఎక్కించాను. మీరైతే ఏం చెప్తారు?

దర్శకుడికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "సినిమాని సినిమాలా చూడండి పెద్దాయనా," అని పెట్టేశాడు. కొన్నాళ్ళకు ఒక పొద్దున ఊరి నుంచి బిడ్డ ఫోను. "మామా, జర వస్తవా? తొట్టి మీద పేరుకు ఎవరో పేడ కొట్టిండ్రు." బస్సెక్కి వెళ్ళాను. అక్షరాల సందుల్లో పేడ ఎండిపోయి ఉంది. కన్నవాళ్ళలాంటి ఊరు, సొంత కళ్ళతో ఆ షూటింగు చూసిన ఊరు! ఆ రోజు నిలబడి ఏడ్చిన మందిలోనే ఒకాయన నాతో మెల్లగా అన్నాడు. "ఏమో అన్నా, సిన్మల గట్ల సూపిచ్చిండ్రంటె ఎంతో కొంత ఉంటదేమో." నువ్వు అక్కడే ఉన్నావు కదయ్యా, నీ చెవులతో విన్నావు కదయ్యా! తెర ముందు మన చెవులకు కూడా విలువ లేదన్నమాట.

నేను ఆ పని మానేసింది మోకాళ్ళ వల్లనే అని అందరికీ చెబుతాను. పూర్తిగా అబద్ధం కాదు.

ఇప్పుడు ఆ కుర్రాళ్ళ ప్రశ్నకు వస్తాను. విలన్ మారొచ్చా? మారొచ్చు నాయనా, మారాలి కూడా. అక్క కంటే ఎక్కువ ఎవరు కోరుకున్నారు? ఆమె అడిగింది ఒక్క మాట. ఆ మాట ఆయన అన్నాడు, ఆమె లేపింది. రెండో భాగం అక్కడికి పూర్తయింది, ఇంకేం అక్కర్లేదు. దాన్ని ముక్కలు చేసి పారేశారు.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. ఆ సినిమా ఇప్పుడు ఫోన్లలోకి వచ్చింది. అక్క తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో బిడ్డ ఇచ్చిన ఫోను. ఒక కాపరి గొర్లను నీళ్ళకు తోలుకొచ్చాడు, ఎక్కడో దూరం ఊరివాడు, కన్నడం కలిసిన మాట. రాయి మీద పేరు చూసి, "గీయనేనా ఊరిని అమ్మింది?" అన్నాడు. నేను లేవబోయాను. అక్క చెయ్యెత్తి ఆపింది. కోప్పడలేదు. ఫోను అతని చేతిలో పెట్టి, పక్కనున్న మీట నొక్కి సౌండు పూర్తిగా బంద్ చేసింది.

శబ్దం లేని తెర మీద బావ విరగబడి నవ్వాడు. తర్వాత ముసలి విలన్ మోకాళ్ళ మీద పడ్డాడు. తెరలో తన పెదాలు కదులుతుంటే, పక్కన కూర్చున్న అక్క తన సొంత గొంతుతో ఆ మాట అంది. "సంపిన అని చెప్పు. చెప్పు, లేపుత."

"ఇగ గాయన నోరు సూడు," అంది కాపరితో.

అతను ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని విలన్ పెదాలనే చూశాడు. చూస్తూ చూస్తూ తన పెదాలు కూడా అలాగే కదిపాడు. "చంపిన," అన్నాడు, తనకే తెలియకుండా. ఫోను తిరిగిచ్చేసి, తలపాగా తీసి నీళ్ళలో ముంచి, రాయి మీద పేరు తుడిచాడు. గొర్లు తాగుతున్నాయి.